వెరిఫై ఓకే అన్న చిప్ కార్లో ఎందుకు మొరాయిస్తుంది?

పాత హోండా ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చిప్ వేసుకుని ట్యూన్ చేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారా అంటే, ఉన్నారు, మా బావమరిది ఒకడు. డాలస్ శివార్లలో ఉంటాడు, వాడి దగ్గర 1995 సివిక్ ఈఎక్స్ కూపే ఉంది. డీ16జెడ్6 ఇంజిన్, 1.6 లీటర్లు, వీటెక్ (వేగం పెరిగాక వాల్వులకి ఇంకో క్యామ్ తగిలించే హోండా ఏర్పాటు), కొత్తలో 125 హార్స్‌పవర్. దాంతో వచ్చే ఈసీయూని అందరూ పీ28 అంటారు. ఇప్పటి కార్లలాగా ఓబీడీ (డయాగ్నోస్టిక్) పోర్టుకి కేబుల్ పెట్టి ఫ్లాష్ చేసేద్దామంటే దీంట్లో కుదరదు. ఈసీయూ డబ్బా విప్పి, బోర్డు మీద ఫ్యాక్టరీ వాళ్లు ఖాళీగా వదిలేసిన జాగాలో సాకెట్ సోల్డర్ చేసి, అందులో మనం రాసిన మెమరీ చిప్ పెట్టాలి. సెట్టింగ్ నచ్చకపోతే చిప్ పీకి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ పెట్టాలి.

ఈ పోస్టు ఆ చిప్ గురించే. ట్యూనింగ్ ఎలా చేయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. చిప్‌లో ఉన్న బైట్లు మనం రాసినవేనా కాదా అని తేల్చుకునే పద్ధతి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు, "ఇంకో చిప్ పెట్టి చూడు బ్రో" దగ్గర ఆగిపోతారు. నాకు కార్ల గురించి తెలిసింది తక్కువే. కానీ ఈసీఈ చదివి, పొట్టకూటికి ఫర్మ్‌వేర్ రాసుకునేవాణ్ని కాబట్టి చిప్‌ల మీద అనుమానం మాత్రం దండిగా ఉంది.

సంగతేంటంటే, బండి పొద్దున పూట బంగారంలా నడుస్తుంది. మధ్యాహ్నం ఎండలో కాసేపు ట్రాఫిక్‌లో ఆగి, ఆ తర్వాత గట్టిగా తొక్కితే, ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఇంజిన్ కట్ అవుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, ఒక్కోసారి రెండు క్షణాల్లో తేరుకుంటుంది, ఒక్కోసారి పక్కకి ఆపి కీ తిప్పి మళ్లీ స్టార్ట్ చేయాల్సి వస్తుంది. 4800 ఆర్‌పీఎం దగ్గర వీటెక్ ఎంగేజ్ అవుతుంది కదా, ఎక్కువసార్లు ఆ చుట్టుపక్కలే జరిగింది, దాంతో అందరి కళ్లూ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎంత టైమింగ్ అని చిప్‌లో రాసే పట్టికలు) మీద పడ్డాయి. ట్యూన్ చేసినతను హై క్యామ్ టేబుల్‌లో పెట్రోలు తక్కువైందన్నాడు, పెంచాడు. తగ్గలేదు. ఇంజెక్టర్లు అనుమానించారు. డిస్ట్రిబ్యూటర్ మార్చారు. ఈ తరం హోండాల్లో వేడికి మెయిన్ రిలే (పెట్రోలు పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్) లోపల సోల్డర్ పగిలి పంపు ఆగిపోవడం జగమెరిగిన జబ్బు కాబట్టి అదీ కొత్తది వేశారు, అందులో తప్పు పట్టడానికేం లేదు, నేనున్నా ముందు అదే మార్చేవాణ్ని.

"బావా, ఇప్పుడు ఫ్యూయల్ పంపు కూడా మార్చమంటున్నాడు, ఏం చేయమంటావ్?" అని ఫోన్ చేశాడు. నేను అడిగింది ఒక్కటే: "ఏమీ మార్చకురా, కట్ అయినప్పటి లాగ్ ఉంటే పంపు."

లాగ్, అంటే బండి నడుస్తున్నప్పటి అంకెల రికార్డు, చూడ్డంలో ఒక చిన్న విషయం ఉంది, అది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇలాంటి ఓబీడీ1 (పాత తరం) హోండాలో డేటా లాగింగ్ పుట్టుకతో రాదు. బోర్డు మీద సీఎన్2 అనే చోట నాలుగు పిన్నులు సోల్డర్ చేసి, యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తగిలిస్తే, చిప్‌లో మనం వేసిన మార్పులతో ఉన్న ప్రోగ్రామే ఆ డేటాని బయటికి పంపుతుంది. అంటే లాగ్ వస్తోందంటే చిప్‌లో ప్రోగ్రామ్ నడుస్తోందని అర్థం. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (పొగని బట్టి పెట్రోలు, గాలి మిక్స్చర్ చెప్పేది) వేరే కేబుల్ మీద నేరుగా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. బావమరిది పంపిన లాగ్‌లో కట్ అయిన క్షణాన ఈసీయూ నుంచి వచ్చే డేటా మొత్తం, ఆర్‌పీఎం, ఇంటేక్ ప్రెషర్ చెప్పే మ్యాప్ సెన్సార్ (పేరు ఒకటే గానీ ట్యూన్ మ్యాప్‌తో సంబంధం లేదు), నీళ్ల టెంపరేచర్, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. వైడ్‌బ్యాండ్ మాత్రం తన మానాన తను నడుస్తూనే ఉంది.

పెట్రోలు తక్కువై కట్ అయితే ఇలా ఉండదు. ఆర్‌పీఎం అంకె వస్తూనే ఉంటుంది, మిక్స్చర్ లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) వైపు పోతూ కనిపిస్తుంది, ఇంజిన్ దగ్గుతుంది. టేబుల్‌లో ఎంత చెత్త అంకెలు రాసినా ఇంజిన్ పాడవుతుందేమో గానీ ప్రాసెసర్ ఆగదు. ఇక్కడ ప్రాసెసరే దారి తప్పింది. ఇక మ్యాప్‌ని ఎన్నిసార్లు దిద్దినా దండగే.

దీనికి రుజువు కావాలంటే హోండా బోర్డులో మంచి ఏర్పాటు ఉంది. పీ28లో ఉండేది ఓకీ కంపెనీ ప్రాసెసర్, ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ దాని కడుపులోనే ఉంటుంది. బోర్డు మీద జే1 అని ఒక చిన్న వైరు ముక్క వేస్తేనే అది బయటి చిప్ వైపు చూస్తుంది. ఆ వైరు తీసేస్తే బయటి చిప్‌ని పట్టించుకోకుండా పుట్టినప్పటి ప్రోగ్రామ్ నడుపుతుంది. ఈ ఈసీయూని చిప్ చేసినవాడెవడో తెలివైనవాడు, వైరు బదులు రెండు పిన్నుల హెడర్, మీద ప్లాస్టిక్ జంపర్ పెట్టాడు. జంపర్ పీకి, స్టాక్ ప్రోగ్రామ్ మీద ఆ వారమంతా మధ్యాహ్నం ఎండలోనే తిప్పమన్నాను. ఒక్కసారి కూడా కట్ కాలేదు. రిలే, పంపు, డిస్ట్రిబ్యూటర్, వైరింగ్, ఈసీయూ పవర్ సప్లై, అన్నీ ఈ ఒక్క దెబ్బతో కేసులోంచి బయటపడ్డాయి. ఇంజెక్టర్లు పెద్దవి వేసినవాళ్లకి ఈ పరీక్ష ఇంత తేలిగ్గా కుదరదు, స్టాక్ ప్రోగ్రామ్ మీద బండి సరిగ్గా నడవదు కాబట్టి. వీడివి స్టాక్ ఇంజెక్టర్లే.

మిగిలింది చిప్ వైపున్న సరంజామా. అందులో చిప్ ఒక్కటే ఉండదు. 28 కాళ్ల సాకెట్, 74హెచ్‌సీ373 అనే 20 కాళ్ల ఐసీ, రెండు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక కిలోఓమ్ రెసిస్టర్. ఆ 373 ఎందుకంటే, ఈ ప్రాసెసర్ అడ్రస్‌లో కింది ఎనిమిది బిట్లనీ, డేటానీ ఒకే ఎనిమిది తీగల మీద వంతులవారీగా పంపిస్తుంది. ముందు అడ్రస్ వేస్తుంది, 373 దాన్ని పట్టి ఉంచుతుంది, తర్వాత అవే తీగల మీద చిప్ నుంచి డేటా వస్తుంది. 8085 మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చేసినవాళ్లకి ఇది చిరపరిచితమే, వైవాలో ఏఎల్ఈ పిన్ ఎందుకు అని అడిగేవాళ్లు గుర్తుందా, అదే. ఆ 373 ఐసీ కాళ్లలో ఒక్కటి సరిగ్గా అతుక్కోకపోయినా చిప్ ఎంత మంచిదైనా తప్పు చోటు నుంచి చదువుతుంది. ముప్పయ్యేళ్ల బోర్డు, పైన వార్నిష్ పూత, ఆ ఖాళీ రంధ్రాలన్నీ ఫ్యాక్టరీలోనే సోల్డర్‌తో నిండిపోయి ఉంటాయి, వాటిని ఖాళీ చేయబోయి ప్యాడ్లు లేపేసినవాళ్లు కోకొల్లలు.

చిప్ తప్పా, బోర్డు తప్పా అని తేల్చడానికి నమ్మకమైన చిప్ ఒకటి కావాలి. ఎప్పుడో ఎవరో రాసి ఇచ్చినది, ఏళ్ల తరబడి పనిచేసినది, దాని జోలికి మళ్లీ వెళ్లకూడదు. బావమరిదికి ఈసీయూతో పాటు పాత యజమాని ఇచ్చిన చిప్ ఒకటుంది, కిటికీ మీద స్టిక్కర్ అంటించిన 27సీ256. అది పెడితే ఎండలోనూ కట్ కాలేదు. బోర్డు, సాకెట్, 373 బాగానే ఉన్నాయని తేలింది. ట్యూన్ రాసుకోవడానికి వాడు ఆన్‌లైన్‌లో కొన్న చిప్‌ల మీదే ఇక అనుమానమంతా.

ఆ కిటికీ చిప్‌ల గురించి ఒక మాట, ఎవరి దగ్గరైనా ఉంటాయేమో. అవి అల్ట్రావయొలెట్ కాంతితో చెరిగేవి, అందుకే మీద గాజు కిటికీ. స్టిక్కర్ ఊడిపోయి నేరుగా ఎండ తగిలితే సుమారు వారంలో చెరిగిపోతాయని డేటాషీట్లలో రాసి ఉంటుంది, ట్యూబ్‌లైట్ వెలుతురుకైతే మూడేళ్లు. ఈసీయూ డబ్బాలో ఉన్నంతసేపు పర్లేదు, టేబుల్ మీద పడేసి ఉంచితేనే తంటా. కాగితం స్టిక్కర్ కంటే వెనక వెండి రేకు ఉన్నది మేలు.

ఇప్పుడు వాటిని వాడేవాళ్లు తక్కువ, కరెంటుతో చెరిగే 27ఎస్ఎఫ్512 వాడతారు. ఇది ఎస్ఎస్‌టీ కంపెనీ చిప్, ఆ కంపెనీని 2010లో మైక్రోచిప్ కొనేసింది. ఇందులో 64 కిలోబైట్ల జాగా ఉంది, హోండాకి కావలసింది 32. ఇక్కడే కొత్తవాళ్లలో సగంమంది బోల్తా పడతారు. 27సీ256లో ఒకటో కాలు ప్రోగ్రామింగ్ వోల్టేజీది, కాబట్టి హోండా బోర్డు దాన్ని 5 వోల్టులకి కట్టేసింది. 512లో అదే కాలు ఏ15 అనే అడ్రస్ తీగ. అది ఎప్పుడూ పైకి లాగి ఉంటుంది కాబట్టి ప్రాసెసర్‌కి చిప్‌లో పై సగమే కనబడుతుంది. మన ఫైల్‌ని మొదటి నుంచి రాస్తే కింది సగంలో కూర్చుంటుంది, పై సగమంతా ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్, చెరిపిన చిప్‌లో ఉండేది అదే కదా. ప్రోగ్రామర్ (చిప్‌లో రాసే పరికరం) వెరిఫై ఓకే, అంటే రాసింది తిరిగి చదివితే సరిపోయింది, అంటుంది, అది చెప్పింది నిజమే, కార్లో మాత్రం కీ తిప్పగానే చెక్ ఇంజిన్ లైట్ వెలిగి అలాగే ఉండిపోతుంది, పంపు మోగదు. మామూలుగా అయితే లైట్ రెండు సెకన్లు వెలిగి ఆరాలి, పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగాలి. దీనికి మందు, ఫైల్‌ని 8000 హెక్స్ నుంచి ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా రాయడం. నాకైతే అదే ఫైల్‌ని రెండుసార్లు పక్కపక్కన అతికించి 64 కిలోబైట్ల ఫైల్ చేసుకోవడం ఇష్టం, ఏ సగం చదివినా ఒకటే వస్తుంది, ఆఫ్‌సెట్ గుర్తుపెట్టుకోవాల్సిన టెన్షన్ ఉండదు. విండోస్‌లో కాపీ కమాండ్‌కి /బీ తగిలిస్తే ఆ పని ఒక్క లైనులో అవుతుంది.

బావమరిది ఆ పని సరిగ్గానే చేశాడు. లేకపోతే బండి పొద్దున కూడా నడవదు.

శనివారం వాడి గ్యారేజీకి వెళ్లి చిప్ పీకి, ప్రోగ్రామర్‌లో పెట్టి చదివి సేవ్ చేశాం. అసలు ఫైల్‌తో పోల్చి చూస్తే అచ్చుగుద్దినట్టు ఒకటే. "చూశావా బావా, చిప్‌లో ఏం లేదు" అన్నాడు. చల్లటి టేబుల్ మీద, ఏసీ గదిలో, ఏమీ లేదు. వాళ్లావిడ హెయిర్ డ్రయర్ తెప్పించి, చిప్‌ని ప్రోగ్రామర్‌లోనే ఉంచి కాసేపు వేడి చేశాం, చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనేంత, అంతకంటే ఎక్కువొద్దు, మామూలు గ్రేడ్ చిప్‌లకి 70 డిగ్రీల సెల్సియస్ హద్దు. అప్పుడు మళ్లీ చదివాం. మళ్లీ. మళ్లీ. ప్రతిసారీ వేరే ఫైల్ పేరుతో సేవ్ చేసి, ఎఫ్‌సీ /బీ కమాండ్‌తో అసలుతో పోల్చాం. తేడాలు బయటపడ్డాయి. చల్లారాక మళ్లీ చదివితే మాయం.

తేడాలు ఉన్నాయని తెలియడం ఒక ఎత్తు, ఆ తేడాలు ఎలా ఉన్నాయో చదవడం ఇంకో ఎత్తు. అసలు మజా ఇక్కడే ఉంది, ఇక్కడ కాసేపు ఆగుతాను. పోల్చినప్పుడు వచ్చే జాబితాలో అడ్రస్, పక్కన ఉండాల్సిన బైటు, వచ్చిన బైటు ఉంటాయి. వాటిని హెక్స్‌లోంచి బిట్లకి మార్చి చూడండి. అన్ని బైట్లలోనూ ఒకే స్థానంలోని బిట్ తప్పుగా వస్తుంటే అది డేటా తీగ, అంటే ఒక కాలు వంగింది, తుప్పు పట్టింది, లేదా సాకెట్‌లో సరిగ్గా దిగలేదు. ఒక ముక్క డేటా 256 బైట్ల దూరంలోనో, 4096 బైట్ల దూరంలోనో అచ్చంగా మళ్లీ కనబడుతుంటే అది అడ్రస్ తీగ, ఆ దూరం రెండుకి ఎన్నో ఘాతమో చూస్తే ఏ తీగో కూడా తెలిసిపోతుంది. ఒక వరుసా వావీ లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే అప్పుడు చిప్ లోపలి గడుల (ఒక్కో బిట్‌ని దాచే చోట్ల) మాట.

గడుల్లో కూడా తప్పు ఏ వైపుకి పోయిందో చూడాలి. చెరిపిన గడి అంటే 1. రాయడం అంటే ఎంచుకున్న గడుల్లోకి ఎలక్ట్రాన్లు ఎక్కించి 0 చేయడం. 1 ఉండాల్సిన చోట 0 వస్తుంటే పాతది సరిగ్గా చెరగలేదు, వెనకటి ట్యూన్ తాలూకు దయ్యం ఇంకా అక్కడే కూర్చుని ఉంది. 0 ఉండాల్సిన చోట 1 వస్తుంటే రాయడం బలహీనంగా జరిగింది, లేదా ఎక్కించిన ఛార్జి కారిపోతోంది. మాకు వచ్చినవి దాదాపు అన్నీ రెండో రకం, 0 కావాల్సిన చోట 1. వేడెక్కితే గడి తెరుచుకునే వోల్టేజీ తగ్గుతుంది, అరకొరగా రాసిన గడి సరిగ్గా ఆ అంచు మీద ఉంటుంది, చల్లగా ఉంటే 0 అంటుంది, వేడెక్కితే 1 అంటుంది. హెయిర్ డ్రయర్ లేకపోతే ఇంకో దారి కూడా ఉంది: వీసీసీ (చిప్‌కి ఇచ్చే సప్లై వోల్టేజీ) మార్చే వీలున్న ప్రోగ్రామర్‌లో 5.5 వోల్టుల దగ్గర ఒకసారి, 4.5 దగ్గర ఒకసారి చదవడం. బలహీనంగా రాసినవి పై వోల్టేజీలో బయటపడతాయి, సగం చెరిగినవి కింది వోల్టేజీలో.

ఇలాంటి గడి టేబుల్‌లో పడితే ఒక చోట పెట్రోలో, టైమింగో కాస్త అటూఇటూ అవుతుంది, డ్రైవర్‌కి తెలిసీ తెలియనట్టు ఉంటుంది, ట్యూనర్ ఆ టేబుల్‌ని దిద్దుతూ జుట్టు పీక్కుంటాడు. ప్రోగ్రామ్ కోడ్‌లో పడితే ప్రాసెసర్ తలాతోకా లేని ఇన్‌స్ట్రక్షన్ చదివి పక్కదారి పడుతుంది, రీసెట్ అవుతుంది. వీటెక్ ఎంగేజ్ అయినప్పుడే ఎందుకు కట్ అయ్యిందన్నదానికి నా ఊహ ఏంటంటే, అప్పటిదాకా నడవని కోడ్ ముక్క అప్పుడు నడుస్తుంది, హై క్యామ్ టేబుళ్లు వేరే ఉంటాయి, వాటి దారిలో ఒక బలహీనమైన గడి తగిలి ఉండాలి. ఇది ఊహే, ఇన్‌స్ట్రక్షన్ ఇన్‌స్ట్రక్షన్‌గా తవ్వి చూడలేదు, అంత ఓపిక ఆ శనివారం లేదు.

సరే, రాయడం బలహీనంగా ఎందుకు జరిగింది? ప్రోగ్రామర్ స్క్రీన్ వైపు చూశాను. చెక్ ఐడీ (చిప్ గుర్తు సరిచూడు) అనే బాక్సులో టిక్ తీసేసి ఉంది. "ఇదెందుకు తీశావురా?" అంటే, "అది పెడితే ఎర్రర్ వస్తోంది బావా, అమ్మినవాడి పేజీలోనే ఉంది, ఐడీ ఎర్రర్ వస్తే టిక్ తీసేయండి, చిప్ బాగానే పనిచేస్తుంది అని." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టిక్ పెట్టి చదివించాం. ఈ తరహా చిప్‌లన్నిటిలో తయారీదారు సంఖ్య, మోడల్ సంఖ్య లోపలే ఉంటాయి, ఏ9 కాలుకి ఎక్కువ వోల్టేజీ ఇస్తే బయటపెడతాయి. 27ఎస్ఎఫ్512 అయితే బీఎఫ్, ఏ4 రావాలి. మాకు వచ్చింది డీఏ, 08. అది విన్‌బాండ్ డబ్ల్యూ27సీ512 గుర్తు.

ఇంక అంతా తేటతెల్లమైపోయింది. రెండూ 64 కిలోబైట్లే, కాళ్ల వరుస ఒకటే, చదవడానికి రెండూ ఒకటే. రాయడానికి మాత్రం కాదు. ఎస్ఎస్‌టీ చిప్‌కి బైటుకి 20 మైక్రోసెకన్ల పల్స్ చాలు, 12 వోల్టులతో చెరుగుతుంది. విన్‌బాండ్ చిప్‌కి బైటుకి 100 మైక్రోసెకన్లు కావాలి, చెరపడానికి 14 వోల్టులు కావాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఎస్‌టీ అని ఎంచుకుని రాశాం కాబట్టి ప్రతి బైటుకీ కావలసినదాంట్లో ఐదో వంతు సమయమే ఇచ్చింది. అయినా చల్లగా ఉన్నప్పుడు చదివితే సరిగ్గానే వస్తుంది, వెరిఫై ఓకే. అప్పటికే చెరిపి వచ్చిన చిప్ మొదటిసారి బాగా పనిచేసి, మ్యాప్ మార్చి రెండోసారి రాసినప్పటి నుంచి ఏడిపించడం కూడా దీనితోనే పొసుగుతుంది, 12 వోల్టులకి అది పూర్తిగా చెరగదు మరి.

చిప్ మీద మాత్రం ఎస్ఎస్‌టీ లోగో, 27ఎస్ఎఫ్512, 70 అని స్పీడు, అన్నీ నీట్‌గా తెల్ల అక్షరాల్లో ఉన్నాయి. నేను చదువుకునే రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీలో ఐసీలు కొనేటప్పుడు కౌంటర్ మీదే వెల్లకిలా తిప్పి చూడటం మా సీనియర్లు నేర్పారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఈ ట్యూబులో చిప్‌లన్నిటి మీదా ఒకే డేట్ కోడ్ ఉంది. డేట్ కోడ్ అంటే నాలుగంకెలు, మొదటి రెండూ సంవత్సరం, తర్వాత రెండూ ఆ ఏట ఎన్నో వారమో. ఒకే వారంలో ఒకే చోట తయారైనవైతే కింద అచ్చుపోసిన గుర్తులు కూడా ఒకటే ఉండాలి కదా, ఇక్కడ ఒకదాని కింద ఒకలా, ఇంకోదాని కింద ఇంకోలా ఉన్నాయి. కాళ్ల మొదట్లో కొత్త సోల్డర్ మెరుపు, అంటే ఎక్కడో పాత బోర్డుల నుంచి పీకి మళ్లీ పూత పోశారు. పైన ఒకటో కాలు పక్కన ఉండే గుండ్రటి గుంట అడుగు నున్నగా, మెరుస్తూ ఉండాలి, వీటిలో గుంట సగం పూడి, అడుగు కూడా పైభాగంలాగే గరుకుగా ఉంది.

నెయిల్ పాలిష్ రిమూవర్ కోసం మళ్లీ వాళ్లావిడనే అడిగాం (అసిటోన్ ఉన్నదై ఉండాలి, లేనిది పనికిరాదు). దూదిపుల్ల ముంచి చిప్ మీద రుద్దితే ముందు తెల్ల అక్షరాలు కరిగాయి, అక్కడితో ఆగితే పర్లేదు, కొన్ని మంచి చిప్‌ల మీద కూడా సిరాతోనే అచ్చువేస్తారు. ఇంకాస్త రుద్దేసరికి దూది నల్లగా అయింది. నిజమైన చిప్ ఒంటి రంగు అసిటోన్‌కి లొంగదు. ఆ నల్ల పూత కింద అడ్డంగా గీసుకుపోయిన గీతలు, అంటే ముందు గరుకు కాగితంతో పాత పేరు అరగదీసి, పైన నల్ల రంగు పూసి, కొత్త పేరు వేశారన్నమాట. బావమరిది ఏమీ అనకుండా మిగిలిన చిప్‌లన్నీ వరసగా పేర్చి ఒక్కొక్కటే రుద్దడం మొదలుపెట్టాడు.

సాఫ్ట్‌వేర్‌లో చిప్ పేరు విన్‌బాండ్ అని మార్చి, చెరిపి, బ్లాంక్ చెక్ (పూర్తిగా చెరిగిందా అని) చేసి, రాశాం. ఇక్కడ ఒక జాగ్రత్త: అన్ని చవక ప్రోగ్రామర్లూ 14 వోల్టులు ఇవ్వవు, లిస్టులో చిప్ పేరు ఉన్నంత మాత్రాన ఇస్తాయని కాదు, ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూసుకోవడం మంచిది. వీడిది ఇచ్చింది. హెయిర్ డ్రయర్ కింద ఎన్నిసార్లు చదివినా ఒక్క బిట్ తేడా రాలేదు. రెండు చిప్‌లు మాత్రం 14 వోల్టులకీ పూర్తిగా చెరగలేదు, పీకిన పాత సరుకులో అలాంటివి ఉండటం మామూలే, వాటిని విరిచి పారేశాం, పొరపాటున మళ్లీ డబ్బాలో కలవకుండా. మిగిలినవాటి మీద పెయింట్ పెన్‌తో డబ్ల్యూ అని రాశాడు. ఆ రోజు పెట్టిన చిప్ ఈ వేసవంతా బండిలోనే ఉంది, కట్ అవ్వడం ఆగిపోయింది. పెట్రోలు ఎక్కువేసిన హై క్యామ్ టేబుల్‌ని మళ్లీ మొదటి వెర్షన్‌కి మార్చితే, పాపం ఆ ట్యూనర్ మొదట రాసినదే సరైనదని తేలింది. వాడికి ఫోన్ చేసి ఆ మాట చెప్పమన్నాను, చెప్పాడో లేదో.

చిప్ కొనాలంటే ఇప్పుడేం కొనాలి అని అడిగేవాళ్లుంటారు. అట్మెల్ 29సీ256 దొరికితే అది హాయి, 32 కిలోబైట్లే కాబట్టి ఆఫ్‌సెట్ గొడవ లేదు, 5 వోల్టులతోనే రాయొచ్చు, డేటాషీట్ ప్రకారం పదివేలసార్లు, ఎస్ఎస్‌టీది వెయ్యిసార్లే హామీ. దాని ఒకటో కాలు రైట్ ఎనేబుల్, హోండా బోర్డు మీద అది 5 వోల్టులకి కట్టి ఉంటుంది కాబట్టి బండిలో పొరపాటున చెరిగే భయమూ లేదు. పేరు దగ్గరగా ఉంది కదా అని 28సీ256 మాత్రం కొనకండి, అందులో ఒకటో కాలు, ఇరవై ఏడో కాలు తారుమారు, సాకెట్‌లో దూరుతుంది గానీ పనిచేయదు. డబ్ల్యూ27సీ512ని విన్‌బాండ్ అని చెప్పి అమ్మితే నేను సంతోషంగా కొంటాను, అది మంచి చిప్పే. రోజుకి పదిసార్లు మ్యాప్ మార్చేవాళ్లయితే చిప్ బదులు ఎమ్యులేటర్ (చిప్‌లా నటిస్తూ, ల్యాప్‌టాప్ నుంచి అప్పటికప్పుడు మార్చుకునే పరికరం) పెట్టుకుంటే ఈ పీకుడు, రాసుడు ఉండదు, మ్యాప్ ఖరారయ్యాక చిప్‌లోకి ఎక్కించుకోవచ్చు.

ఇంకోటి, దీన్ని చదివి ఎవరైనా ఆఫీసుకి తిప్పే కారుకి చిప్ వేద్దామనుకుంటే: టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన మోడళ్లకి ఎమిషన్ టెస్ట్ లేదు కాబట్టి ఎవరూ అడగరు, నిజమే. కానీ ఎమిషన్ కంట్రోల్స్ జోలికి వెళ్లకూడదని చెప్పే ఫెడరల్ చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్, ఏళ్లు చూడదు. వీడిది వారాంతాల్లో ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైమ్ పెట్టి నడిపే పోటీ) పట్టుకెళ్లే బండి.

అమ్మినవాడికి ఫొటోలు పంపాం, నల్ల దూది, గీతలు, డీఏ 08 కనబడే స్క్రీన్‌షాట్, అన్నీ. సగం డబ్బు వెనక్కిస్తాను, రివ్యూ మాత్రం రాయొద్దు అని జవాబొచ్చింది. బావమరిది మొత్తం డబ్బు రాబట్టాడు, రివ్యూ కూడా రాశాడు.